పొయ్యి ఇచ్చారు సరే, పుల్ల మాటేమిటి?

రేపల్లె దిగువ పల్లెలకు సంఘం సభ్యత్వ పుస్తకాలు పట్టుకుని పోయేటప్పుడు మేము తెల్లవారుజామునే బయలుదేరతాం. ఎనిమిది దాటితే ఇళ్ళలో మనుషులు దొరకరు, పనుల్లోకి పోతారు. ఆ వేళకు వాకిళ్ళలో పొగ లేస్తూ ఉంటుంది. ఆడవాళ్ళు ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో పుల్లలు ఎగదోస్తూ మాతో మాట్లాడతారు. ఇంట్లోకి తొంగిచూస్తే గూట్లోనో బల్ల మీదనో గ్యాసు పొయ్యి ఉంటుంది. దాని మీద పాత చీరె ముక్క కప్పి ఉంటుంది.

"ఏం పెద్దమ్మా, గ్యాసుండగా ఈ తిప్పలేంది?" అని అడిగాం ఒకచోట.

"అది చుట్టాలొచ్చినప్పుడు టీ కాసేదానికి నాయనా. రోజూ వండితే ఎన్నాళ్ళొస్తది? మాకు ఇదే" అన్నది ఆమె, ఊదుగొట్టం నోట పెట్టుకోబోతూ.

తెనాలి చుట్టుపక్కల పేటల్లో అడిగినా, బాపట్ల ఇసుక పల్లెల్లో అడిగినా ఇదే మాట, కాస్త అటూఇటుగా. ప్రభుత్వ లెక్కల్లో ఈ ఇళ్ళన్నీ గ్యాసు ఇళ్ళే. కనెక్షను నంబరుంది, పుస్తకం ఉంది, ఫొటో ఉంది. కాబట్టి కట్టెల పొయ్యి అనేది వాళ్ళ కాగితాల్లో అంతరించిపోయింది. అంతరించిన దాని బాగోగులు ఎవరు చూస్తారు?

గ్యాసు ఇచ్చినా ఇంకా కట్టెలెందుకు కాలుస్తున్నారని అడిగే పెద్దమనుషులు కొందరున్నారు. అలవాటు అంటారు, కట్టెల మీద వండిన కూర రుచి అంటారు, ఆరోగ్యం మీద అవగాహన లేదంటారు. సభలు పెట్టి అవగాహన కల్పించాలంటారు. పొగ కళ్ళల్లోకి పోతే మంటపుడుతుందని ఆడకూలీకి సభ పెట్టి చెప్పాలా? రుచి మాటకొస్తే, గ్యాసు మీద వండుకుని నీడన తినడంలో ఉన్న రుచి ఆమెకూ తెలుసు. ఆమెకు తెలియనిదల్లా, పని లేని నెలలో సిలిండరు డబ్బులు ఎక్కడినుంచి తేవాలన్నదే. అది ఈ పెద్దమనుషులకు కూడా తెలియదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది పొయ్యి పెట్టడం గురించి కాదు, పొయ్యి నడపడం గురించి. పెట్టడం ఒక్కరోజు పని, దానికి మంత్రులొస్తారు. నడపడం ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజుల పని. దానికి ఎవరూ రారు.

ముందు మట్టిపొయ్యి సంగతే చూద్దాం. మట్టిపొయ్యి ఊరికే వచ్చేది అనుకుంటారు చాలామంది, మన మగవాళ్ళు కూడా. మన డెల్టా నేల నల్లరేగడి. తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఒట్టి నల్లమట్టితో పొయ్యి వేస్తే నాలుగు మంటలకే నెర్రెలిస్తుంది. అందుకని పుట్టమట్టి దొరికితే తెస్తారు. లేకపోతే కాలవ ఒండ్రులో ఇసుక కలిపి, ఊక, నరికిన వరిగడ్డి, పేడ వేసి కాళ్ళతో తొక్కి, ఒకటి రెండు రోజులు నాననిస్తారు. వేసిన పొయ్యిని నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోయి, మొదటి మంటకే పగులుతుంది. బాపట్ల దిగువన సూర్యలంక వైపు ఇంకో తంటా. అక్కడంతా ఇసుక. పొయ్యికి పనికొచ్చే బంకమట్టి వేరేచోటినుంచి మోసుకురావాల్సిందే.

పోతే, పొయ్యి మీద గుబ్బలు. గిన్నె ఆనే ఆ మూడు గుబ్బల ఎత్తులోనే ఉంది కిటుకంతా. ఎత్తు ఎక్కువైతే మంట పక్కలనుంచి పారిపోయి గిన్నెకు తగలదు, పుల్లలు రెట్టింపు కాలతాయి. మరీ తక్కువైతే గాలి ఆడదు, మంట మండదు, పొగ కమ్ముతుంది. అనుభవమున్న ఆడమనిషి వేలు అడ్డంపెట్టి కొలుస్తుంది. మంటకు గుబ్బలు అరిగిపోతూ ఉంటాయి, గిన్నె పెట్టీ తీసీ అంచులు రాలుతూ ఉంటాయి. కాబట్టి వారం పదిరోజులకోసారి మట్టి మెత్తి సరిచేయాలి. పేడా మట్టీ కలిపి అలకాలి. రోజూ పొద్దున బూడిద తీయాలి. బూడిద పేరుకుంటే అడుగునుంచి గాలి రాక పుల్లలు మండకుండా రాజుకుంటూ పొగ పెడతాయి. తీసిన బూడిద కూడా వృథా పోదు. అంట్లు తోముకుంటారు, పెరట్లో బెండ చెట్ల మీద పేనుకు చల్లుతారు, విత్తనాల కుండలో పురుగు పట్టకుండా కలుపుతారు. గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేముందు అడుగున తడిమట్టి పూసేది కూడా తోమేటప్పుడు మసి సులువుగా ఊడిపోవాలనే.

ఇక వానాకాలం వస్తే పొయ్యి వాకిట్లోనుంచి ఇంట్లోకి రావాలి. అక్కడే అసలు కష్టం. గతంలో పేదల ఇళ్ళ స్థలాల పథకంలో గ్రామాల్లో ఇంటికి సెంటున్నర ఇచ్చారు. సెంటున్నర అంటే 72 గజాల పైచిల్లర. అందులో ఇల్లు కట్టగా పొయ్యి ఎక్కడ వేయాలి, కట్టెల మోపు ఎక్కడ పెట్టాలి, పిడకలు ఎక్కడ ఆరబెట్టాలి? స్లాబు వేసిన ఒంటి గదిలో, కిటికీ పక్కన మంచం, మంచం పక్కన పొయ్యి. పాత తాటాకు పాకలో పొగ కప్పు సందుల్లోనుంచి పోయేది. పాకకు నిప్పు భయం ఉండేది, అది వేరే సంగతి. స్లాబు ఇంట్లో పొగ పోవడానికి దారిలేదు. ఇల్లు గీసిన ఇంజనీరుకు ఆ ఇంట్లో గ్యాసు వాడతారని నమ్మకం. ఆ నమ్మకం ఖరీదు ఆ గదిలో పడుకునే పసిపిల్ల చెల్లిస్తుంది.

ఆ ఖరీదు ఎంతో కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 420 ఇళ్ళలో వంటింటి గాలిని పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి దుమ్ము, ఇరవై నాలుగు గంటల సగటున, ఘనపు మీటరు గాలిలో గ్యాసు వాడే ఇళ్ళలో 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల లాంటివి వాడే ఇళ్ళలో 732 దాకా పోయింది. అంటే పదిరెట్లు. ఇళ్ళలోని ఈ రకం పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగాకు బేళ్ళ దగ్గర పనిచేసే కూలీకి దగ్గు వస్తే వృత్తిరోగం అంటాం. ఇంట్లో పొయ్యి దగ్గర కూచున్నామెకు అదే దగ్గు వస్తే వయసు మీదపడింది అంటాం.

ఇక పుల్లల సంగతి. మన ప్రాంతంలో అడవి లేదు. పలనాటి మెట్టలో కంది కంప, పత్తి కట్టె దొరుకుతాయి. మనది మాగాణి. మన ఆడవాళ్ళు పొయ్యిలో పెట్టేదంతా చేలనుంచి, కాలవ గట్లనుంచి, తాటితోపులనుంచి వచ్చిందే. ఆ చేలు మారిపోయాయి, గట్లు మారిపోయాయి.

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు చూడండి. వరికోత యంత్రం రాకముందు కోత, కుప్ప, నూర్పిడి అన్నీ మనుషుల చేతిమీదుగా జరిగేవి. కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళు, కళ్ళంలో తాలు ఎత్తుకునేవాళ్ళు, వామి వేసేచోట కాసింత గడ్డి మోసుకునేవాళ్ళు. గడ్డి వంటకు గొప్ప ఇంధనం కాదు, భగ్గున మండి ఆరిపోతుంది. కానీ తడి పుల్ల రాజెయ్యడానికి అది లేకపోతే కిరసనాయిలు కావాలి. యంత్రం వచ్చాక పరిగె లేదు, కళ్ళం లేదు. గడ్డిని ఇంకో యంత్రం వచ్చి చుట్టలుగా కడుతుంది, లారీలెక్కి పోతుంది. కట్టించనిచోట అక్కడే తగలబెడతారు. చేలో ఎకరాలకు ఎకరాలు తగలబడిపోతుంటే, పక్క పల్లెలో పొయ్యిలోకి పుల్ల లేక కూచున్న దృశ్యం మేము కళ్ళారా చూశాం.

వరి తర్వాత ఒకప్పుడు మినుము వేసేవాళ్ళు. పల్లాకు తెగులు, బంగారుతీగ పట్టి మినుము దెబ్బతిన్నాక, దున్నకుండా వేసే మొక్కజొన్న, జొన్న వచ్చాయి. ఒక రకంగా ఇది పొయ్యికి మేలే చేసింది. గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లు బాగా మండుతాయి, పొగ తక్కువ, నిల్వ ఉంటాయి. కోతల తర్వాత నాలుగు బస్తాలు తెచ్చి పెట్టుకుంటే వానల్లో ప్రాణం నిలుస్తుంది. మొదట్లో ఇవి చేలోనే పారబోసేవాళ్ళు, ఎవరు ఎత్తుకున్నా అడిగేవాళ్ళు కాదు. దేనికైనా ధర పుట్టేదాకా అది పేదవాడిది, ధర పుట్టాక కామందుది గదా. ఇప్పుడు కొన్నిచోట్ల బెండ్లకూ బేరం వచ్చింది, ట్రాక్టర్లకెత్తి పోతున్నాయి. ఊక సంగతి అంతకుముందే అయిపోయింది. మిల్లుల దగ్గర ఊరికే దొరికిన ఊక ఇటుక బట్టీలకు, బాయిలర్లకు పోయి, ఊకపొయ్యిలు మూలనపడ్డాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లతోపాటే పేడ తగ్గింది. పాడి గేదె ఉన్న ఇంట్లో ఉన్న కాస్త పేడా ఎరువు కింద కావాలి. పసుపు వండే కాలంలో కట్టెలకు గిరాకీ పెరిగి, అడితి ధరలు కూలీ చేతికందవు.

బాపట్ల వైపు పోతే సరుగుడు తోటలు కనబడతాయి. ఎండిన సరుగుడు ఆకు, కొమ్మలు ఊడ్చి తెచ్చుకునేవాళ్ళు. తోట వేసిన రైతుది కాగితం మిల్లుకో కర్రల వ్యాపారికో అమ్ముకునే లెక్క. కొట్టినప్పుడు చిటారు కొమ్మ కూడా తూకంలో పోతున్నది. తాటితోపులు కొట్టేసి చెరువులు తవ్వినచోట మట్టలూ లేవు, కమ్మలూ లేవు. చేపల చెరువు, రొయ్యల చెరువు ఒక్క పుల్ల ఇవ్వదు. చెరువు కట్ట మీదికి పోతే కాపలావాడు తరుముతాడు.

రేపల్లె, నిజాంపట్నం దిగువన ఉప్పునేలలు. అక్కడ దిక్కు సర్కారు తుమ్మే. ముళ్ళకంప నరికితే చేతులు చీరుకుపోతాయి, ముల్లు విరిగి లోపలుంటే చీముపడుతుంది. కానీ కట్టె మాత్రం గట్టిది, నిదానంగా కాలుతుంది, బొగ్గు నిలుస్తుంది. పనికిరాని చెట్టని వ్యవసాయ శాస్త్రజ్ఞులు తిట్టే ఈ తుమ్మే దిగువ పల్లెల పొయ్యిలు ఆరకుండా కాపాడుతున్నది. ఇంకా దిగువకు పోతే మడ అడవి. ఒకప్పుడు మడ కట్టె పడవలకెత్తి తెచ్చేవాళ్ళని పెద్దలు చెబుతారు. ఇప్పుడది రిజర్వు అడవి, చెయ్యి వేస్తే కేసు. మడను కొట్టుకోనివ్వమని మేము అడగడం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తీరం ఇది. అలకు అడ్డం నిలిచే మడ ఎంత ముఖ్యమో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మేము అనేదల్లా, అడవి కాపాడే భారమంతా కట్టె లేని మనిషి మీదనే వేసి, ఆమెకు ఇంకో దారి చూపకుండా ఊరుకోవడం న్యాయం కాదని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. పుల్ల ఎవరి నేలలో ఉందో వాళ్ళ చేతిలో పొయ్యి ఉంటుంది. కామందు గట్టు మీద ఎండిన కంప కొట్టుకోవడానికి రాతకోతలు ఉండవు. "పోయి కొట్టుకోవే" అంటే హక్కులాగా ఉంటుంది. కూలిరేటు దగ్గర తగాదా వస్తే మర్నాడే అది దొంగతనం అవుతుంది. నాట్లప్పుడు కూలి పెంచమని పని ఆపిన ఊళ్ళలో మేము ఇది చూశాం. ఆ ఊళ్ళ పేర్లు రాయడం లేదు, అక్కడ మళ్ళీ పనులు నడుస్తున్నాయి. సమ్మె మూడో రోజుకు మగవాళ్ళు ఇంకా గట్టిగానే ఉంటారు, ఆడవాళ్ళ ముఖాలు మాత్రం మారతాయి. ఇంట్లో బియ్యం ఉన్నాయి, చౌకడిపో బియ్యం ఉంటాయి, ఉడికించడానికి పుల్ల లేదు. గట్టు మీద అడుగుపెట్టొద్దని కబురు వచ్చింది. మా సంఘం మొదట్లో సమ్మె నిధి అంటే బియ్యం, పప్పు అనుకునేది. పొయ్యి సంగతి మాకు తట్టలేదు. ఒక సమ్మె అర్ధాంతరంగా ఆగిపోయాక, ఎందుకు ఆగిందో ఆడవాళ్ళు చెబితే గాని తెలిసిరాలేదు. ఆ తప్పు మాది.

సాంఘిక బహిష్కరణ అనే మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపడానికి ముందు, అక్కడ బహిష్కరణ నడిచింది. అంత దాకా పోనిచోట కూడా, గట్టు మూసెయ్యడం అనే చిన్న బహిష్కరణ ఏ రికార్డుకూ ఎక్కకుండా జరుగుతూనే ఉంటుంది. గ్యాసు సిలిండరు నిజంగా పూర్తిగా అందుబాటులో ఉంటే, అది కళ్ళమంట తగ్గించడమే కాదు, ఈ గట్టు పెత్తనాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. అందుకే మేము గ్యాసుకు వ్యతిరేకులం కాము. మట్టిపొయ్యి మన సంస్కృతి అని పాటలు పాడే రకమూ కాము. పూర్తిగా ఇవ్వకుండా ఇచ్చామనడం మీదనే మా తగాదా.

ఈ "ఇచ్చామనడం" ఇప్పటిది కాదు. పొగలేని పొయ్యి కనిపెట్టిన తొలితరం వాళ్ళలో మన హైదరాబాదు మనిషి ఉన్నాడు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి తయారుచేసి, 1953లో దాని గురించి పుస్తకం ప్రచురించాడు. ఊళ్ళలో దొరికే మట్టితోనే, ఒక మంట మీద రెండు మూడు గిన్నెలు ఉడికేటట్టు, పొగ గొట్టంలోనుంచి బయటికి పోయేటట్టు ఆ ఏర్పాటు. తర్వాత 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002లో దాన్ని ఆపేసేనాటికి దేశం మొత్తం మీద మూడున్నర కోట్ల పొయ్యిలు పెట్టామన్నారు. అవి ఏమయ్యాయి?

మా ఊళ్ళలో కొన్ని చూశాం గనక చెబుతున్నాం. గొట్టం ఉన్న పొయ్యికి నెలకోసారి గొట్టం దులపాలి. మసి పేరుకుంటే పొగ వెనక్కి తిరిగి మామూలు పొయ్యికంటే ఎక్కువగా ఇంట్లోకి కొడుతుంది. గొట్టం పగిలితే ఇంకో గొట్టం కావాలి. గొట్టం కప్పులోనుంచి పోయేచోట రేకు ముక్క చుట్టకపోతే తాటాకు అంటుకుంటుంది. ఈ పనులు నేర్పినవాడు లేడు, పగిలిన గొట్టం మార్చినవాడు లేడు. ఎన్ని పొయ్యిలు పెట్టారో లెక్క రాసుకోవడానికి వచ్చినవాడు, ఎన్ని మండుతున్నాయో చూడటానికి రాలేదు. ఏడాదికి గొట్టం పూడింది, రెండో ఏటికి గొట్టం పీకి కోళ్ళ గూటికి అడ్డం పెట్టుకున్నారు. ఆడవాళ్ళు వెనుకబడినవాళ్ళు కాబట్టి కొత్త పొయ్యిని ఆదరించలేదని నివేదికల్లో రాసేశారు.

సరిగ్గా అదే కథ గ్యాసుతో మళ్ళీ మొదలైంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న, కార్మిక దినం రోజునే, ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రధాని ఉజ్జ్వల ప్రారంభించారు. కనెక్షన్లు కోట్లలో ఇచ్చారు, అది కాదనలేం. కానీ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2019 నివేదికలో ఏం తేలింది? 2018 డిసెంబరు 31 నాటికి ఉజ్జ్వల కుటుంబాలు సగటున ఏడాదికి 3.21 సిలిండర్లు మాత్రమే తీసుకుంటున్నాయి. నలుగురైదుగురున్న ఇంట్లో వంట, నీళ్ళు అన్నీ గ్యాసు మీదే అయితే 14.2 కిలోల సిలిండరు నెలన్నర వస్తే గొప్ప. అంటే ఏడాదికి ఎనిమిది దాకా కావాలి. మూడే తీసుకున్నారంటే మిగతా నెలలు ఏం కాల్చినట్టు?

ఆ తర్వాత 2020 వేసవినుంచి సబ్సిడీని చడీచప్పుడు లేకుండా ఆపేశారు. ధర మీద ధర పెరిగింది. 2022లో ఉజ్జ్వల వాళ్ళకు 200 రూపాయలు, 2023లో 300 రూపాయలు సబ్సిడీ మళ్ళీ తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో సిలిండరు మీద మళ్ళీ 50 పెంచి, ఢిల్లీలో ఉజ్జ్వల ధర 553, మిగతావాళ్ళకు 853 చేశారు. దేశంలో వాడే గ్యాసులో సగానికి పైగా దిగుమతి. సౌదీలో ఒక కంపెనీ ప్రకటించే ధరను బట్టి ఇక్కడి లెక్క కదులుతుంది. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం వస్తే చెరుకుపల్లిలో ఆడకూలీ సర్కారు తుమ్మ కంపకు పోవాలి. ఆమె కూలి మాత్రం ఏ అంతర్జాతీయ ధరను బట్టీ కదలదు.

రాష్ట్రంలో 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలుపెట్టారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి చొప్పున. ఇది వచ్చినందువల్ల మేలు జరగలేదని మేము అనం. చీరె ముక్క కప్పిన పొయ్యిలు కొన్ని మళ్ళీ వెలిగాయి. కానీ పథకం మొదలుపెట్టినప్పుడు పెట్టిన పద్ధతి ఏమిటంటే, ముందు డబ్బు కట్టి సిలిండరు తీసుకోవాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఉద్యోగస్తుడికి ఇది రెండు రోజుల ఆలస్యం. కూలికి రెండు రోజుల కూలి. అప్పు తెచ్చి కట్టాలి. ఖాతాకు ఆధార్ ముడిపడకపోతే, ఫోను నంబరు మారిపోతే, ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో బ్యాంకు మిత్ర చెప్పాలి. ఇక నాలుగు నెలలకొక సిలిండరంటే, నాలుగు నెలల్లో నెలన్నర గ్యాసు, రెండున్నర నెలలు కట్టె. అంటే ప్రభుత్వమే తన లెక్కతో కట్టెల పొయ్యిని ఒప్పుకున్నట్టే. నోటితో మాత్రం ఒప్పుకోదు.

కూలి సంగతి తేలకుండా ఈ పొయ్యి సంగతి తేలదు. కనీసవేతనం ఎలా కట్టాలో 1957లో పదిహేనో భారత కార్మిక మహాసభ ఒక పద్ధతి చెప్పింది. తిండి ఇంత, బట్ట ఇంత, ఇంటద్దె ఇంత అని చెప్పి, ఇంధనం, దీపం, ఇతర చిల్లర ఖర్చులకు మొత్తం కనీసవేతనంలో 20 శాతం ఉండాలన్నది. అప్పట్లోనే ఆ మహాసభకు తెలుసు, బియ్యం ఒక్కటే కడుపు నింపదని, దాన్ని ఉడికించాలని. కానీ వ్యవసాయ కూలి రేట్లు మాట్లాడేటప్పుడు ఈ 20 శాతం ఎవరు లెక్కవేశారు? మేము కూడా వేయలేదు. పుల్ల ఊరికే వస్తుంది గదా అని కామందు అన్నాడు, అధికారి తలూపాడు, మేమూ ఊరుకున్నాం. రోజుకు 400 కూలి అనుకుంటే అందులో 80 రూపాయలు ఈ పద్దు కింద ఉండాలి. పైగా పొయ్యి పని దొరికిన రోజే వెలగదు. ఏడాదిలో సగం రోజులు పని దొరికే మనిషికి, దొరికిన రోజు కూలిలోనే దొరకని రోజు ఇంధనం కూడా ఉండాలి. 2025 నవంబరు 21నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చి, 1948 కనీసవేతనాల చట్టాన్ని వేతనాల కోడ్‌లో కలిపేశారు. ఇకముందు రాష్ట్రంలో వ్యవసాయ కూలి రేట్లు తిరిగి నిర్ణయించేటప్పుడు ఈ ఇంధనం పద్దును విడిగా చూపించమని అడగాలని జిల్లా కమిటీలో అనుకున్నాం.

అప్పటిదాకా ఏం చేద్దాం? కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్ళు దాన్ని సరిగా నడుపుకోవడం తక్కువతనం కాదు. మహిళా కార్యకర్తలు ఊళ్ళలో చెబుతున్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాం. పుల్లలు బొటనవేలి లావుకు చీల్చి పెట్టుకోండి. లావు దుంగ పెడితే మంటకంటే పొగే ఎక్కువ. పచ్చికట్టె వద్దు, దానిలోని నీరు ఆవిరి కావడానికే చాలా వేడి పోతుంది. రేపటి పుల్లలు ఈ పూట పొయ్యి పక్కన ఆరబెట్టుకోండి, కానీ మరీ దగ్గరగా పెట్టి ఇంటిమీదికి తెచ్చుకోవద్దు. మూత పెట్టి వండండి. పప్పు, శనగలు ముందురోజు నానబెట్టండి. ఇంట్లో వండక తప్పకపోతే పొయ్యికి ఎదురు గోడలో పైన ఒక కన్నం పెట్టించుకోండి. చలికాలం బొగ్గుల కుంపటి తలుపులేసుకుని గదిలో పెట్టుకుని పడుకోవద్దు, ఆ గాలి విషం, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిపిల్లను చంకనేసుకుని పొయ్యి ఊదొద్దు. ఈ మాట చెప్పినప్పుడు ఒకామె "మరి పిల్లను ఎవరికియ్యను, నీకియ్యనా?" అన్నది మా కార్యకర్తతో. ఆ మాటకు అక్కడున్న మగవాళ్ళెవరూ నోరెత్తలేదు. గొట్టం దులపడం, మట్టి తొక్కడం, కంప నరకడం మగవాడు చేస్తే చెయ్యి అరగదని మేము సభల్లో చెబుతూనే ఉన్నాం. వినేవాళ్ళు ఇంకా తక్కువే.

ఈ ఏడు ఒకచోట చిన్న ప్రయత్నం చేశాం. మొక్కజొన్న కోతలకు ముందు కూలి మాట్లాడుకునేటప్పుడు, కూలితోపాటు ఇంకొక షరతు పెట్టాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. కోసి, గింజ ఒలిచాక మూడు రోజులదాకా చేలో నిప్పు పెట్టకూడదు, దున్నకూడదు. ఆ మూడు రోజుల్లో పనిచేసిన ముఠావాళ్ళు బెండ్లు, మోళ్ళు ఎత్తుకుంటారు, ఎవరూ అడ్డం చెప్పకూడదు. ఇది దయగా వద్దు, కాగితం మీద రాయాలి, కూలిరేటు పక్కనే. మొదట నవ్వారు. "పుల్లలకు కూడా కాగితమా?" అన్నారు. రెండో సారి కూచున్నప్పుడు బెండ్లకు ఒప్పుకున్నారు, ఇంటికి ఇన్ని బస్తాలని హద్దు పెట్టారు. మోళ్ళ దగ్గర ఒప్పుకోలేదు, తర్వాత పంటకు ఆలస్యమవుతుందన్నారు. అందులో కౌలురైతుల బాధ కొంత నిజమే, వాళ్ళకు నీటి విడుదల తేదీ తరుముకొస్తుంటుంది. మూడు రోజులు కాకపోతే ఒకటిన్నర రోజు అని ఆడవాళ్ళు దిగారు. ఆ మాట ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద కాదు, పల్లెలోనే కూచుందాం రమ్మని కబురు పెట్టాం. అవతలివాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు.